మొగుడు బతికున్న నర్సు

పెళ్లి చేసుకున్నందుకు ఉద్యోగం పోయిన మనిషిని నేను మొదటిసారి చూసింది మెదక్‌లో, మా సీనియర్ వకీలుగారి వరండాలో. అరవైల తొలి సంవత్సరాలు. నేను అప్పటికి ప్లీడరు పరీక్ష పాసై, మున్సిఫ్ కోర్టులో వాయిదా అడగడం తప్ప ఇంకేమీ చేతకాకుండా ఉన్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. కొందరు ఇంకా ఉన్నారు, కొందరి పిల్లలు సర్కారు నౌకరీల్లో ఉన్నారు.

మా సీనియర్‌ను ఊరంతా వకీల్ సాబ్ అనేది. నిజాం కాలంలో ఉర్దూలో చట్టం చదివిన మనిషి. రాష్ట్రం ఏర్పడ్డాక కోర్టు కాగితాలు మెల్లగా ఇంగ్లీషులోకి మారాయి. ఆయనకు ఇంగ్లీషు చదవడం వచ్చు, నమ్మడం రాదు. పెద్ద కోర్టుల తీర్పులు అచ్చులో వస్తే నేను గట్టిగా చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన దాన్ని ఉర్దూలో ఒకసారి తనలో తాను గొణుక్కుని, "ఇగ సమజైంది" అనేవారు.

అలా చదివి చెప్పే అలవాటే నన్ను రాతలోకి దింపింది. హైదరాబాదు నుంచి వచ్చే ఒక వారపత్రికలో తీర్పుల మీద వ్యాఖ్యానాలు రాయడం మొదలుపెట్టాను. రాజ్యాంగం మామూలు మనిషికి ఏమిచ్చిందో మామూలు మాటల్లో చెప్పాలని నా తాపత్రయం. నా వాక్యాలు అప్పట్లో చాలా నిబ్బరంగా ఉండేవి. కోర్టులో నోరు పెగలని వాడికి కాగితం మీద ధైర్యం ఎక్కువ.

ఆ ధైర్యంతోనే ఒక వారం, ప్రభుత్వోద్యోగంలో ఆడా మగా అన్న తేడా రాజ్యాంగం ఒప్పుకోదని రాశాను. అది అచ్చయిన కొద్దిరోజులకే ఆమె వచ్చింది. తెల్లచీర, చేతికి గడియారం, పక్కన ఆమె భర్త. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పేపర్ల రాసింది మీరేనా సార్?" అని అడిగింది.

నేనేనన్నాను, కొంచెం గర్వంగానే.

"అది నిజమేనా?"

నిజమేనని చెప్పాను. రాజ్యాంగంలోని అధికరణం అంకె కూడా చెప్పాను.

"గట్లయితే నా నౌకరి ఎందుకు పోయింది?" అంది.

అప్పుడు వకీల్ సాబ్ లోపలి నుంచి వచ్చారు. "కూసో బిడ్డా. నిలబడి అడిగితే వకీళ్లకు జవాబు దొరకదు" అన్నారు. ఆమె కూర్చుంది.

ఆమెది మెదక్‌లో చర్చి దగ్గరి వాడకట్టు. తండ్రి చర్చి పనుల్లో ఉండే మేస్త్రీ. మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, పందొమ్మిదేళ్లకే సర్కారు దవాఖానాలో చేరింది. అది ఏ దవాఖానానో చెప్పను, మెదక్ నుంచి బస్సులో పోయి వచ్చేంత దూరం అనుకోండి. చేరేనాడు ఆమె చేత ఒక షరతు మీద సంతకం పెట్టించుకున్నారు. ఈ ఉద్యోగానికి పెళ్లికానివారు గాని, భర్త పోయినవారు గాని మాత్రమే అర్హులు. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదులుకోవాలి. పందొమ్మిదేళ్ల పిల్లకు ఉద్యోగం కళ్లముందుంది, పెళ్లి ఎక్కడో ఉంది. సంతకం పెట్టింది.

కొన్నేళ్లకు చర్చిలో పాటల సాధన దగ్గర ఒక డ్రిల్లు మాస్టరు పరిచయమయ్యాడు. ఆయనా ప్రభుత్వోద్యోగే, సర్కారు బడిలో. ఆమె దాచి చేసిందేమీ లేదు. పై డాక్టరును ముందే అడిగింది. ఆయన, "చూద్దాం తియ్, ముందు పెండ్లి కానియ్యి" అన్నాడట. పెళ్లికి వచ్చి, వధూవరులను దీవించి, భోజనం చేసి, గోడగడియారం బహుమతి ఇచ్చి పోయాడు. ఆ తర్వాత కొద్దిరోజులకు ఆయన సంతకంతోనే ఉత్తర్వు వచ్చింది. వివాహం చేసుకున్న కారణంగా ఈమెను తొలగించడమైనది. పైన చిరునామాలో మాత్రం పేరుకు ముందు 'కుమారి' అనే ఉంది.

వకీల్ సాబ్ భర్త వైపు తిరిగి, "నీ నౌకరికి ఏం కాలేదా?" అని అడిగారు.

"లేద్సార్. నాకు పెండ్లికి సెలవిచ్చిన్రు" అన్నాడు డ్రిల్లు మాస్టరు. అలవాటు కొద్దీ నిటారుగా నిలబడే చెప్పాడు.

"అదే సర్కారు?"

"అదే సర్కారు సార్."

వకీల్ సాబ్ చాలాసేపు గడ్డం సవరించుకున్నారు. షరతు ఉన్న కాగితం నా చేత మళ్లీ చదివించారు. భర్త పోయినవారికి అభ్యంతరం లేదన్న చోట ఆపమన్నారు. "అంటే సర్కారుకు పెండ్లితోని పంచాయతి లేదు. మొగడు బతికుండుడే పంచాయతి."

ఆమె భర్తను ఒకసారి చూసి, "గట్లయితే ఈయన బతికున్నన్ని దినాలు నాకు నౌకరి లేనట్టే" అంది. డ్రిల్లు మాస్టరు దగ్గాడు. నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు.

హైకోర్టుకు పోవాలని నిర్ణయించాం. అక్కడ వాదించడానికి వకీల్ సాబ్‌కు ఇంగ్లీషు చాలదు, నాకు అనుభవం చాలదు. ఇద్దరం కలిసి ఒక వకీలయ్యాం. మెదక్ నుంచి హైదరాబాదుకు బస్సులో పోతూ దారి పొడుగునా ఆయన తెలుగూ ఉర్దూ కలిపి వాదన చెప్పేవారు, నేను దాన్ని ఇంగ్లీషులో రాసుకునేవాణ్ణి. సమానత్వం గురించి నేను రాసిన పేజీలు చూసి, "మస్తుగుంది. గని జడ్జిలు గింత సదువరు. నోటీసియ్యకుండ తీసేసిన్రని ఒక్క మాట మొదట్ల రాయి" అన్నారు. నాకు అది చిన్నతనంగా తోచింది. స్త్రీల హక్కుల మీద అంత పెద్ద ప్రశ్న ఉండగా నోటీసు గురించి మాట్లాడటమేమిటి? అయినా పెద్దవారి మాట కాదనలేక రాశాను.

విచారణకు వచ్చిన రోజు ప్రభుత్వ న్యాయవాది లేచి, పెళ్లయిన నర్సులకు ఇల్లూ పిల్లలూ చూసుకోవడంతోనే సరిపోతుందని, రోగుల మీద మనసు నిలవదని చెప్పాడు. నేను సమానత్వం పేజీలు తెరిచాను. మొదటి పేజీ సగంలో ఉండగానే న్యాయమూర్తి చెయ్యెత్తి ఆపి, తొలగించే ముందు ఈమెకు నోటీసు ఇచ్చారా అని అవతలి వైపును అడిగారు. ఇవ్వలేదన్నారు. సంజాయిషీ అడిగారా? అడగలేదు. నియమించిన అధికారి ఎవరు, తొలగించిన అధికారి ఎవరు? తొలగించిన వాడు హోదాలో చిన్నవాడు, అలాంటివాడు తీసేయడం చెల్లదు. అక్కడితో వాదన అయిపోయింది. ఉత్తర్వు కొట్టేశారు. పెళ్లయితే ఉద్యోగం తీసేయవచ్చా అన్న ప్రశ్నలోకి తాము పోనవసరం లేదని తీర్పులో రాశారు.

గెలిచాం. ఆమె వాడకట్టులో మాకు చాయి, ఉప్మా పెట్టారు. నేను పత్రికలో పెద్ద వ్యాఖ్యానం రాశాను, ఒక సామాన్య నర్సు రాజ్యాంగం చేయి పట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీసిందని. వకీల్ సాబ్ దాన్ని విని, "చేయి పట్టుకున్నది నిజమే. గని కోర్టు ఏమన్నదో జర మల్ల సదువు. తియ్యొద్దనలే. అడిగి తియ్యమన్నది" అన్నారు.

ఆయన అన్నట్టే అయింది. ఆమె మళ్లీ డ్యూటీలో చేరింది. కొన్నాళ్లకు, ఈసారి సరైన హోదా ఉన్న అధికారి సంతకంతో, అభియోగపత్రం వచ్చింది. అందులో ఒకటే ఆరోపణ. మీరు వివాహం చేసుకున్నారు. దీనిపై విచారణ జరుగుతుంది, మీ సాక్షులను తెచ్చుకోవచ్చు, వకీలు సాయం తీసుకోవచ్చు, మీకు పూర్తి అవకాశం ఇవ్వబడుతుంది. అంత మర్యాదగా రాసిన సర్కారు కాగితం నేను అదివరకు చూడలేదు.

పెళ్లి జరిగింది మెదక్‌లో కనుక విచారణ కూడా మెదక్ డాక్ బంగళాలోనే పెట్టారు. విచారణాధికారి కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాడు, నెమ్మదస్తుడు. ఎవరితో మాట్లాడినా "అండీ" లేకుండా మాట ముగించేవాడు కాదు.

వకీల్ సాబ్ విచారణకు ముందురోజు మా అందరినీ కూర్చోబెట్టి తన పథకం చెప్పారు. "ఆరోపణ చేసింది వాళ్లు. సాబితు చెయ్యాల్సింది వాళ్లు. మనం అవుననొద్దు, కాదనొద్దు. సాక్షులేం చెప్తరో సూద్దాం." సాక్షులేం చెబుతారో ఆయనకు ముందే తెలుసని నాకు తర్వాత అర్థమైంది. ఆమె చేతిలో పురుడు పోసుకోని ఇల్లు ఆ వాడల్లో తక్కువ.

మొదటి సాక్షి పెళ్లి వంట చేసిన ముస్లిం హోటలు యజమాని. అధికారి ఆయన్ను కూర్చోబెట్టి, "ఈవిడ వివాహానికి మీరు వంట చేశారాండీ?" అని అడిగాడు.

"దావత్‌కు వండిన సాబ్."

"వివాహ విందేనాండీ?"

"గది నేనెట్ల జెప్పాలె? మటన్ ఎంత, బియ్యం ఎన్ని అని అడిగితే చెప్త. ఎందుకు తింటున్రని నేనెప్పుడు ఎవల్ని అడుగలే. అడిగితే హోటల్ నడుస్తదా?"

"వధూవరులను చూశారా?"

"నేను పొయ్యి కాడ ఉన్న సాబ్. పొగ మస్తుండె."

అధికారి అదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. తర్వాత వచ్చిన పొరుగింటి పెద్దావిడ, ఆరోజు తనకు కళ్లు మసకగా ఉన్నాయంది. ఎవరో ఇద్దరు పక్కపక్కన నడిచారని మాత్రం ఒప్పుకుంది. డాక్ బంగళా ముందు చేరిన జనం ఆనందిస్తున్నారు. వకీల్ సాబ్ కళ్లు మూసుకుని పాట వింటున్నట్టు కూర్చున్నారు. మెదక్‌లో అందరూ చూసిన పెళ్లి చూస్తుండగానే జరగని పెళ్లి అయిపోయేలా ఉంది. ఆ పెళ్లినాటికి వాళ్లెవరో నాకు తెలియదు గనుక సరిపోయింది, లేకపోతే దావత్ తిన్నవాళ్లలో ఒకడిగా నన్ను కూడా పిలిచేవారు.

అప్పుడు డ్రిల్లు మాస్టరును పిలిచారు. ఆయన వచ్చి బడిలో నిలబడినట్టే నిలబడ్డాడు.

"ఈవిడ మీకు ఏమవుతారండీ?" అని అడిగాడు అధికారి.

ఆయన వకీల్ సాబ్ వైపు చూశాడు. వకీల్ సాబ్ కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నారు. అధికారి ఇంకోసారి అడిగాడు. డ్రిల్లు మాస్టరు మడమలు దగ్గరికి చేర్చి ఇంకా నిటారుగా నిలబడ్డాడు. మెడ మీద చెమట కారుతోంది. అబద్ధం చెప్పమని ఎవరూ ఆయనకు చెప్పలేదు. నిజం చెప్పొద్దని మాత్రమే చెప్పారు. ఆ రెంటికీ మధ్య ఎంత చోటుందో వకీళ్లకు తెలుస్తుంది, భర్తలకు తెలియదు.

ఆమె లేచింది. "ఆయన్ను అడగకుండ్రి సార్. నన్నడుగుండ్రి. ఆయన నా పెనిమిటి. చర్చిల అందరి ముంగట చేసుకున్న. రాసుకోండ్రి."

వకీల్ సాబ్, "బిడ్డా, కూసో" అన్నారు.

"లేదు సాబ్. పెండ్లయిందా లేదా అని నేను కోర్టుకు పోలే. పెండ్లయితే తప్పేందని పోయిన. గా మాట ఎవ్వరు చెప్తలేరు. కోర్టు నోటీసు గురించి చెప్పింది. ఈ సారు దావత్ గురించి అడుగుతున్నడు." అధికారి వైపు తిరిగి, "మీకన్న ఎరుకనా సార్, తప్పేందో?" అని అడిగింది. కోపంగా కాదు. దవాఖానాలో రోగిని ఎక్కడ నొప్పి అని అడిగినట్టే అడిగింది.

అధికారి కలం కింద పెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ నిబంధన ఎందుకు పెట్టారో నాకూ తెలియదమ్మా. జరిగిందా లేదా అని చూసి రమ్మన్నారు. అంతవరకే నా పని" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "మా అమ్మాయి కూడా నర్సు ట్రైనింగుకు వెళతానంటోంది" అన్నాడు. అది మాత్రం రాసుకోలేదు.

ఇంటికి నడుస్తుండగా కోర్టు దాటాక వకీల్ సాబ్, "ముప్పై ఏండ్ల వకాలతుల గిట్ల కేసు ఓడిపోలే. గెలిచే కేసును ఆమెనే ఓడగొట్టింది" అన్నారు. మళ్లీ కొంతదూరం పోయాక, "ఆమె అడిగిందానికి నీకాడ జవాబున్నదా?" అన్నారు. లేదన్నాను. "నా కాడ గూడ లేదు" అన్నారు.

నివేదిక వచ్చింది. ఆరోపణ రుజువైందని రాసి, నర్సు తన వివాహాన్ని నిర్భయంగా ఒప్పుకోవడాన్ని అధికారి ప్రత్యేకంగా ప్రశంసించాడు. ఆ ప్రశంసతో పాటే తొలగింపు ఉత్తర్వు వచ్చింది. నోటీసు ఇచ్చారు, సంజాయిషీ అడిగారు, సాక్షులను విచారించారు, పై అధికారి సంతకం పెట్టాడు. ఎక్కడా ఒక్క లోపం లేదు. రాజ్యాంగం చెప్పిన పద్ధతులన్నీ పాటించి రాజ్యాంగం వద్దన్న పని చేశారు.

మేము మళ్లీ హైకోర్టుకు పోయాం. ఈసారి నోటీసు వాదన లేదు కనుక ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదని నేను సంబరపడ్డాను. కేసు దాఖలైంది. తర్వాత అలా ఉండిపోయింది. నేను హైదరాబాదు పోయినప్పుడల్లా కేసు ఎప్పుడొస్తుందో కనుక్కుని వచ్చేవాణ్ణి. వస్తుందనేవారు.

ఆ లోపల ఆమెకు కూతురు పుట్టింది. సర్కారులో కుటుంబ నియంత్రణ ఉద్యమం ఊపందుకుంది. గోడల మీద ఎర్ర త్రికోణాలు వెలిశాయి. ఊళ్లల్లోకి పోయి ఆడవాళ్లతో మాట్లాడేందుకు ఆడ ఉద్యోగులు కావాలని ప్రకటన వచ్చింది. మొదట పెళ్లికాని అమ్మాయిలను పంపితే ఊళ్లల్లో ఎవరూ వాళ్ల మాట వినలేదట. అందుకని ఈసారి పెళ్లయినవారికి, అందులోనూ ఒకరిద్దరు పిల్లలున్నవారికి ప్రాధాన్యం అన్నారు. ఆమె దరఖాస్తు పెడతానని వకీల్ సాబ్‌ను అడిగింది.

"పెట్టు బిడ్డా. నిన్ను తొలగించిన్రు గని బర్తరఫ్ చెయ్యలే. బర్తరఫ్ చేస్తే మల్ల సర్కారు గడప తొక్కరాదు. తొలగిస్తే తొక్కొచ్చు" అన్నారాయన.

ఇంటర్వ్యూలో పెళ్లయినట్టు రుజువు అడిగారు. చర్చి వాళ్లిచ్చిన పత్రం ఇంట్లో ఉంది. కాని ఆమె తన తొలగింపు ఉత్తర్వునే ముందు పెట్టింది. "సర్కారే విచారణ చేసి ఒప్పుకున్నది సార్. దీనికన్న గట్టి కాగితం నా కాడ లేదు" అందట. అవతలి పెద్దమనిషి దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, ముద్రలు చూసి, సరేనన్నాడు. ఈ సంగతి మాకు చెప్పినప్పుడు ఆమె నవ్వడం మొదటిసారి చూశాను. వకీల్ సాబ్ అయితే తాగుతున్న చాయి పక్కన పెట్టి నవ్వారు.

అలా ఒక శాఖ ఏ కారణంతో వద్దందో అదే కారణంతో ఇంకో శాఖ ఆమెను తీసుకుంది. నేను ఒకసారి కుల్చారం వైపు ఒక భూమి తగాదా పని మీద పోయి, ఒక ఇంటి అరుగు మీద ఆమె మాట్లాడుతుంటే విన్నాను. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో ఒక ముసలమ్మ, "మొన్నొచ్చిన పోరికి ఏమెరుక, దానికింక పెండ్లే కాలె. నువ్వు చెప్పు బిడ్డా, నీకైతె ఎరుకుంటది" అంటోంది. ఇద్దరు లేక ముగ్గురు చాలని ఆమె ఓపికగా చెబుతోంది. సర్కారు విధానం అప్పటికి అదే. పెళ్లయిన నర్సుకు రోగుల మీద మనసు నిలవదని అదే సర్కారు హైకోర్టులో వేసిన జవాబు ఇంకా అలాగే ఉంది.

కొన్నేళ్లకు కేసు విచారణకు వచ్చింది. నేను అప్పటికి నోరు పెగిలిన వకీలును. సమానత్వం పేజీలు ఈసారి తగ్గించి, బాగా చెక్కి తెచ్చుకున్నాను. నేను లేవకముందే ప్రభుత్వ న్యాయవాది లేచి, నర్సులు చాలినంత మంది దొరకడం లేదు కనుక ఆ షరతును ప్రభుత్వమే ఎత్తివేసిందని చెప్పాడు. పైగా పిటిషనరు ఇప్పుడు ప్రభుత్వోద్యోగంలోనే ఉన్నారు. న్యాయమూర్తి నా వైపు సానుభూతిగా చూసి, ఇక ఇందులో తేల్చవలసింది ఏముందని అడిగారు. ప్రశ్న ఉందన్నాను. ప్రశ్నలకు కోర్టులు జవాబు చెప్పవు, తగాదాలకు చెబుతాయి అన్నారు. కేసు మూసేశారు.

మెదక్ తిరిగివచ్చి ఆమె ఇంటికి పోయాను. డ్రిల్లు మాస్టరు బడి నుంచి వచ్చి కూతురికి లెక్కలు చెబుతున్నాడు. నేను మొదట షరతు పోయిందన్న సంతోషవార్త చెప్పాను. ఆమె అంతా విని, "మరి కోర్టు ఏమన్నది సార్? పెండ్లి చేసుకునుడు తప్పన్నదా, తప్పు కాదన్నదా?" అంది.

"రెండూ అనలేదమ్మా. చెప్పాల్సిన అవసరం లేదన్నది."

"వాళ్లకు లేదేమో" అంది ఆమె. "నాకుండె."

దవాఖానా ఉద్యోగానికి మళ్లీ పెట్టుకోవచ్చు కదా అన్నాను. అడిగి చూసిందట. కొత్తగా చేరడానికి వయసు దాటిపోయిందన్నారు. కోర్టులో గడిచిన ఏళ్లను వయసులోంచి తీసేయడానికి నిబంధన లేదట. ఇది విన్న వకీల్ సాబ్ తర్వాత మరో కేసు వేద్దామని ఉత్సాహపడ్డారు గాని, ఆమె నమస్కారం పెట్టి వద్దంది.

ఆ వారం ఈ తీర్పు మీద రాసి పంపితే సంపాదకుడు తిప్పి పంపాడు. కోర్టు ఏదైనా చెబితే వ్యాఖ్యానం రాయండి, చెప్పనిదాని మీద వ్యాఖ్యానమేమిటి అని. ఆయన చెప్పిందీ నిజమే. దాని బదులు ఒక సినిమా హాలు లైసెన్సు కేసు గురించి రాశాను, పాఠకులకు బాగా నచ్చింది.

ఆమె నిజాంపేట వైపూ హవేలిఘనపూర్ వైపూ బస్సుల్లో తిరుగుతూ అదే పనిలో ఉండిపోయింది. చివరికి తనలాంటి వాళ్ల మీద అధికారి అయింది. కాన్పులు చేయడం నేర్చుకున్న మనిషి ఉద్యోగకాలమంతా కాన్పులు వద్దని చెప్పడంలో గడిపింది. వాడకట్టువాళ్లు మాత్రం నొప్పులు మొదలైతే ఆమె తలుపే కొట్టేవారు. ఆమె ఏ శాఖ అనుమతీ అడగకుండా పోయి పురుడు పోసి వచ్చేది.